నైరుతిలో బరువు

స్టాన్‌మోర్ చరిత్ర రాసినవాళ్ళు ఆ దాపునుంచి పోయే రోమన్ల కాలం నాటి బాట గురించి రాశారు, పాత దొరల బంగళాల గురించి రాశారు, లండన్ శివారైన ఆ ఊరికి ట్యూబ్ రైలు వచ్చిన వైనం రాశారు. కానీ ఆ ఊళ్ళో ఒక ఇంట్లో దోసెల పిండి రుబ్బడానికి సూర్యుడి అనుమతి తప్పనిసరైన సంగతిని మాత్రం ఒక్కరూ గ్రంథస్థం చేయలేదు. ఆ లోటును ఇక్కడ పూడ్చడమైనది.

శనివారం ఉదయం రాజారావు గళ్ళ లుంగీ మీద ఉన్ని కోటు తొడుక్కుని వెనక తోటలోకి వస్తాడు. నడుం మీద చేతులు పెట్టుకుని ఆకాశాన్ని పరిశీలిస్తాడు. మబ్బు పలచబడే సూచన కనిపిస్తే, దండును కదలమనే సేనాని గొంతుతో "వెయ్యి" అంటాడు. కనిపించకపోతే "ఆగు" అంటాడు. నానిన మినప్పప్పు ఆగుతుంది. అలా ఆగి ఆగి, గ్రైండరులో పడకముందే పులిసిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. రాజ్యాలు నిలిచేది ఇలాంటి క్రమశిక్షణ మీదనేనని రాజారావు నమ్మకం. ఒకప్పుడు "వెయ్యి" అనేది అతను, వేసేది భార్య గిరిజ. ఈ మధ్య అనేదీ అతనే, లోపలికి పరిగెత్తి వేసేదీ అతనే.

ఈ ఆచారానికి మూలం ఇంటి కప్పు మీద ఉంది. దక్షిణపు వాలు మీద, నైరుతి మూలకు ఒదిగి, నల్లటి సోలార్ పలకలు బారులు తీరి ఉంటాయి. ఎండ కాసినంతసేపూ అవి పుట్టించే కరెంటు ఇంట్లోవాళ్ళు ఎంత వాడుకుంటే అంత ఉచితం. వాడుకోనిది వీధి తీగల్లోకి పోతుంది. పొద్దు వాలాక మాత్రం అందరిలాగే కొనుక్కోవాలి. కాబట్టి ఆ ఇంట్లో బట్టలు ఉతికేది, అన్నం వండేది, పిండి రుబ్బేది అంతా సూర్యభగవానుడి ఆఫీసు వేళల్లోనే. ఇంగ్లండులో ఆ ఆఫీసు ఎప్పుడు తెరుస్తారో ఆయనకు కూడా ముందుగా తెలియదు.

ఇంత చెప్పాక ఒక మాట దాచడం న్యాయం కాదు. ఆ పలకలు రాజారావువి కావు. అవి పరుచుకున్న జాగా కూడా, చట్టరీత్యా, రెండువేల ముప్పై ఆరు దాకా రాజారావుది కాదు.

రాజారావుది తెనాలి. లండన్‌లో ఒక బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం. అంటే ఇతరులు చేసిన పొరపాట్లను అవి బయట పడకముందే పట్టుకోవడం అతని వృత్తి. గిరిజ ఆసుపత్రిలో ఫార్మసిస్టు. కూతురు సిరి బడిలో చేరిన ఏడాది, అద్దె ఫ్లాట్లతో విసిగిపోయి, ఆ దంపతులు సొంత ఇంటి వేటలో పడ్డారు. అప్పుడు కనిపించింది ఆ ఇల్లు. మిసెస్ పార్ట్రిడ్జ్ అనే వితంతువు అమ్ముతోంది. తూర్పు వాకిలి చూడగానే రాజారావు మనసు పారేసుకున్నాడు. అయినా తొందరపడలేదు. చదువుకున్నవాడు కదా, నిపుణుల అభిప్రాయం తీసుకోవాలనుకున్నాడు. ఆ నిపుణులు విజయవాడలో ఉన్నారు.

సిద్ధాంతి గారికి వీడియోలో ఇల్లంతా తిప్పి చూపించాడు. వంటిల్లు, మెట్లు, బాత్రూములు చూస్తున్నంతసేపూ ఆయన మూలుగుతూనే ఉన్నారు. తోటలోకి వచ్చి ఫోన్ పైకెత్తగానే మూలుగు ఆగింది.

"పైన ఆ నల్లగా ఏంటి నాయనా?"

"సోలార్ పలకలండీ."

"ఏ మూల?"

"నైరుతండీ."

"బరువుంటాయా?"

"చాలా ఉంటాయండీ. కింద చట్రాలు కూడా వేశారు."

"నైరుతిలో బరువు!" అన్నారు సిద్ధాంతి గారు, పోయిన చుట్టం తిరిగొచ్చినట్టు. "ఇక్కడ జనం ఆ మూల బరువు పెట్టించడానికి నీళ్ళ ట్యాంకులు కట్టించుకుని చస్తున్నారు. నీకు కట్టి మరీ ఇస్తున్నారు. ఇంకేం చూస్తావు? పట్టుకో. నైరుతి బరువున్న ఇల్లు స్థిరమిస్తుంది. ఆ ఇంట్లో కాలు పెట్టినవాడు ఇక కదలడు."

ఈ భవిష్యవాణి ఎంత కచ్చితంగా ఫలించిందో మున్ముందు తెలుస్తుంది.

ఇంగ్లీషు లాయరమ్మ కూడా తన వంతు హెచ్చరించింది. నివేదికలో రాసింది, చాలదన్నట్టు ఫోన్ చేసి చెప్పింది: మిస్టర్ రావ్, ఆ కప్పు పైభాగాన్ని మిసెస్ పార్ట్రిడ్జ్ ఒక కంపెనీకి పాతికేళ్ళ లీజుకు ఇచ్చింది, ఇల్లు కొంటే ఆ లీజు మీకు సంక్రమిస్తుంది, మధ్యలో తీసెయ్యమనడానికి వీల్లేదు, బాగా ఆలోచించుకోండి.

రాజారావు బాగానే ఆలోచించుకుని ఒక ప్రశ్న వేశాడు. "కరెంటు మాకు ఫ్రీయే కదా?"

"పగటిపూట, అవును."

"అది చాలండి."

ఉచిత కరెంటు అన్న మాట మీద ప్రభుత్వాలు లేచి పడిన రాష్ట్రంలో పుట్టినవాడికి, ఆ మాట ఒక లాయరమ్మ నోట విన్నాక తక్కిన వాక్యాలు వినబడకపోవడంలో వింత లేదు. అప్పు ఇచ్చిన బ్యాంకు కూడా అభ్యంతరం పెట్టలేదు. ఆ రోజుల్లో బ్యాంకులు ఇంకా తలెత్తి కప్పు వంక చూడటం నేర్చుకోలేదు.

ఇక్కడ కొంత శాసన చరిత్ర తప్పదు. పాఠకులు కాస్త నిటారుగా కూర్చోగలరు. రెండువేల ఎనిమిదిలో బ్రిటిష్ పార్లమెంటు ఒక ఇంధన చట్టం చేసింది. దాని కింద రెండువేల పదిలో ఒక పథకం పెట్టారు: ఎవరైనా ఇంటిమీద సోలార్ పలకలు వేసుకుంటే, అవి పుట్టించే ప్రతి యూనిట్టుకూ పాతికేళ్ళపాటు సొమ్ము ముట్టజెబుతారు, ధరలు పెరిగితే అదీ పెరుగుతుంది. ఉద్దేశం చాలా గొప్పది. బొగ్గు తగ్గాలి, ఎండా గాలీ పెరగాలి. అయితే ఆ రోజుల్లో పలకలు కొనడానికి జనం దగ్గర డబ్బు లేదు, డబ్బున్న కంపెనీలకు పరచడానికి కప్పులు లేవు. అప్పుడు కంపెనీల కుర్రాళ్ళు మిసెస్ పార్ట్రిడ్జ్ లాంటివాళ్ళ వాకిళ్ళలో ప్రత్యక్షమయ్యారు. "పలకలు ఉచితం, బిగించడం ఉచితం, పగలు కరెంటు ఉచితం. మీ కప్పు మాకు పాతికేళ్ళు ఇవ్వండి చాలు." చట్టం ఇచ్చే సొమ్ము కంపెనీకి, కరెంటు ఇంటికి. రెండువేల పదకొండు చలికాలంలో సర్కారు రేటు తగ్గించబోతోందని తెలిసి, ముహూర్తం దాటిపోతున్న పెళ్ళివారిలా కంపెనీలన్నీ ఒక్కసారిగా కప్పులెక్కేశాయి. మిసెస్ పార్ట్రిడ్జ్ కప్పు ఎక్కినది ఆ పరుగులోనే. రెండువేల పంతొమ్మిదిలో కొత్తవాళ్ళకు ఆ పథకం తలుపులు మూసేశారు. లోపల ఉన్నవాళ్ళకు మాత్రం పాతికేళ్ళూ నడుస్తుంది. రాజారావు లోపల ఉన్నాడు.

మొదటి సంవత్సరాలు స్వర్ణయుగం. నాగజ్యోతి అని, వెనక వీధిలో ఉండే గుంటూరావిడ, ఒక ఎండ శనివారం తన నానబెట్టిన పప్పు గిన్నెతో వచ్చింది. "అన్నయ్య గారూ, ఎలాగూ ఉచితం కదా, ఓ చుట్టు మాదీ తిప్పేయండి" అంది. మరుసటి శనివారానికి నాలుగు గిన్నెలు వచ్చాయి. వేసవి వచ్చేసరికి వంటింటి గట్టు మీద గిన్నెలు వరసలో ఉండేవి, మూతల మీద పేర్లు. ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకునేవాళ్ళు, రాజారావు తోటలో నిలబడి వాతావరణ శాఖ బాధ్యతలు నిర్వర్తించేవాడు. మబ్బు పట్టిన వారాల్లో జనం తనను కొంచెం నిష్ఠూరంగా చూస్తున్నట్టు అతనికి అనిపించేది. అధికారంలో ఉన్నవాడికి అది తప్పదని సరిపెట్టుకునేవాడు.

ఆ యుగాన్ని గిరిజ ప్రతిభ అంతం చేసింది. ఉత్తరాన మూడు గంటల రైలు దూరంలోని న్యూకాసిల్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆమెకు పై పదవి వచ్చింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది. వదులుకుంటే మళ్ళీ రాదు.

"ఇల్లు అమ్మేద్దాం, అక్కడ కొనుక్కుందాం" అంది గిరిజ. "మీ పని ఇంట్లో కూర్చుని చేసేదేగా. సిరి పరీక్షలయ్యేలోపు అయిపోతుంది."

"ఓ మూణ్ణెల్ల పని" అన్నాడు రాజారావు, ఇళ్ళు అమ్మడంలో ఆరితేరినవాడిలా.

గిరిజ అక్కడొక చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకుని ముందు వెళ్ళింది. వెనకాల వీళ్ళు వెళ్ళాలి. ఆ వెళ్ళడం అనే పని అప్పటినుంచీ జరుగుతూనే ఉంది.

మొదట వచ్చినవాళ్ళు ఇల్లు మెచ్చారు. వాళ్ళ బ్యాంకు మెచ్చలేదు. ఈ లోగా బ్యాంకులు తలెత్తి చూడటం నేర్చుకున్నాయి. కప్పు మీద లీజు ఉంటే, అవసరం పడినప్పుడు పలకలు తీయించే హక్కు తమకుండాలని అవి పట్టుబట్టడం మొదలుపెట్టాయి. మిసెస్ పార్ట్రిడ్జ్ సంతకం పెట్టిన నాటికి ఆ మాట ఎవరికీ తట్టలేదు, కాబట్టి లీజులో లేదు. రెండోసారి వచ్చినవాళ్ళ బ్యాంకూ అదే అంది. మూడోవాళ్ళు బ్యాంకు దాకా కూడా వెళ్ళలేదు, ఎస్టేట్ ఏజెంటు చెప్పగానే "ఓ, లవ్లీ గార్డెన్" అని వెళ్ళిపోయారు.

ఆ ఒక్క మాటా లీజులో చేర్చమని రాజారావు కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీ పేరు ఇక్కడ రాయవచ్చు గానీ, మీరు ఈ వాక్యం చదివేలోగా అది మారిపోయే ప్రమాదం ఉంది. అసలు కంపెనీ తన లీజులన్నీ ఇంకో కంపెనీకి అమ్ముకుంది, అది ఏదో పెట్టుబడుల సంస్థకు అమ్మింది. ఇప్పుడు ఫోన్ ఎత్తే అమ్మాయికి మర్యాద అపారం, అధికారం శూన్యం. మార్పులు చేయడం తమ విధానం కాదంది. పోనీ లీజునే కొనేసుకుంటానంటే, మిగిలిన సంవత్సరాల్లో చట్టం తమకు ఇవ్వబోయే సొమ్మంతా ముందుగా కట్టమంది. ఆ అంకె విన్నాక రాజారావు కాసేపు ఇంగ్లీషు మరిచిపోయాడు.

పోనీ ఇల్లు అద్దెకిచ్చి పోదామా అనుకున్నాడు. అద్దెకివ్వాలంటే తన బ్యాంకు అనుమతి కావాలి. అడిగాడు. ఆ అడగడంతో వాళ్ళు తొలిసారిగా కప్పు వంక చూసి, ఉలిక్కిపడి, అనుమతి ఇవ్వకపోగా, ఇన్నాళ్ళూ తమకెందుకు చెప్పలేదని ఎదురు అడిగారు.

ఈలోగా పలకల కింద ఎక్కడో ఒక పెంకు జారి, కప్పు కింది అటక లాంటి లాఫ్ట్‌లోకి వాన కారడం మొదలైంది. మళ్ళీ ఫోన్.

"మీ పలకల కింద కారుతోందమ్మా. మీరొచ్చి చూడాలి."

"పెంకులు మీవే సార్. పెంకుల పైనున్న జాగా మాత్రమే మాది."

"అయితే నా పెంకు నేను సరిచేసుకుంటాను."

"తప్పకుండా. దానికి మా పలకలు విప్పాలి. విప్పిన రోజుల్లో మేము నష్టపోయే ఉత్పత్తికి మీరు పరిహారం ఇవ్వాలి. సెక్షన్ చదివి వినిపించనా సార్?"

రాజారావు లాఫ్ట్‌లో బకెట్టు పెట్టాడు. వాన రోజుల్లో, కింద మంచం మీద పడుకుని, ఆ టప్ టప్ వింటుంటే అతనికి ఒక విషయం అర్థమైంది. ఎండ కాస్తే ఆ ఎండ కంపెనీది. వాన పడితే ఆ వాన మాత్రం పూర్తిగా, నిస్సందేహంగా, తనది.

అప్పటినుంచి అతను చట్టం చదవడం మొదలుపెట్టాడు. ఇంధన చట్టం, దాని కింది ఉత్తర్వులు, ఆ ఉత్తర్వులకు సవరణలు. బస్సులో చదివాడు, అన్నం ఉడుకుతుండగా చదివాడు. రేటు ఎప్పుడు ఎంత తగ్గిందో కంఠతా వచ్చింది. అతని వృత్తే తప్పులు పట్టడం, కాబట్టి ఆ చట్టంలో ఎక్కడో తాను దూరి బయటపడే కంత ఉండి తీరుతుందని నమ్మాడు. లేదు. అంత పకడ్బందీగా రాసిన దాన్ని అతను జీవితంలో చూడలేదు. మరో సందర్భంలో అయితే రాసినవాళ్ళను అభినందించేవాడే.

చివరికి ఎంపీ గారి దర్శనానికి వెళ్ళాడు. ఈ దేశంలో ఎంపీలు వారానికోసారి డాక్టర్లలా కూర్చుని జనం బాధలు వింటారు, దాన్ని కూడా సర్జరీ అనే పిలుస్తారు. సిరి చేత సరిచూపించుకున్న ప్రసంగాన్ని రాజారావు అక్కడ ఒప్పజెప్పాడు. ఎంపీ గారు ఓపిగ్గా విన్నారు. సౌరశక్తి పట్ల తమకెంత గౌరవమో చెప్పారు. రాజారావు తనకూ అంతే గౌరవమన్నాడు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. పథకం ఆశించిన ఫలితాలను సాధిస్తోందని, దేశంలో పునరుత్పాదక విద్యుత్తు గణనీయంగా పెరిగిందని, ఆ ప్రగతిలో రాజారావు భాగస్వామి అయినందుకు ఎంపీ గారు సంతోషిస్తున్నారని.

"కంగ్రాట్స్, డాడ్. యు ఆర్ సేవింగ్ ది ప్లానెట్" అంది సిరి.

"నోర్మూసుకుని బట్టలు మెషీన్లో వెయ్యి. ఎండ వచ్చింది."

"ఐ హావ్ ఎ మాక్ ఎగ్జామ్, డాడ్. ది సన్ కెన్ వెయిట్."

గిరిజ వారం విడిచి వారం రైల్లో వచ్చేది. వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చిన చుట్టంలా ఒక నిమిషం గుమ్మంలో నిలబడేది. ఆ నిమిషం క్రమంగా పెరుగుతోందని రాజారావు గమనించాడు. ఒకసారి ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగింది. ఎప్పుడూ ఉన్న చోటే ఉంది. అతను చూపించాడు, ఆమె "అవును కదా" అంది. ఇద్దరూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ పరిస్థితిలో, సిరి పరీక్షలు దగ్గరపడుతుండగా, దైవం నరసరావుపేట రూపంలో దిగివచ్చింది.

కబురు తెచ్చింది నాగజ్యోతి. ఆమె ఎరిగిన క్రాంతి, లాస్య అనే జంట ఇల్లు చూస్తున్నారు. కుర్రాడు సాఫ్ట్‌వేరు, అమ్మాయికి ఆరో నెల. అసలు కొనేది కుర్రాడి తండ్రి వీరాంజనేయులు గారు. నరసరావుపేటలో మిర్చి వ్యాపారం, కోల్డ్ స్టోరేజి వాటా అమ్ముకుని, కొడుకును ఒక ఇంటివాణ్ణి చేసి పోదామని వచ్చారు.

"బ్యాంకు లోను అక్కర్లేదట అన్నయ్య గారూ! మొత్తం వాళ్ళ డబ్బే!"

రాజారావు కుర్చీలో కూర్చున్నాడు. బ్యాంకు లేకపోతే కప్పు వంక చూసేవాళ్ళే లేరు.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున గిరిజ ఫోన్ చేసింది. "ఏవండీ, ఈసారి మీరు నోరు విప్పకండి. కాఫీ ఇచ్చి పక్కన కూర్చోండి, అంతే."

"లీజు సంగతి చెప్పొద్దంటావా?"

"లాయరు చెప్తుంది కదండీ. అది వాళ్ళ పని. మనకీ చెప్పింది కదా."

అవతల ఆసుపత్రిలో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు.

"మనకీ చెప్పింది" అన్నాడు రాజారావు.

"ఆ మాట అలా అనకండి" అంది గిరిజ. "ఇల్లు అమ్ముడుపోవాలి నాకు. అంతే తెలుసు." పెట్టేసింది.

వీరాంజనేయులు గారు తెల్ల పంచె మీద కొడుకు ఇచ్చిన పెద్ద చలికోటు వేసుకుని వచ్చారు. కుడి జేబులోంచి దిక్సూచి తీశారు. వాకిలి ముందు నిలబడి సూది ఆగేదాకా ఆగి, "కరెక్టు తూర్పు" అన్నారు. వంటింట్లో నిలబడి "ఆగ్నేయమే" అన్నారు. తోటలోకి వచ్చి తలెత్తారు. నోరు తెరిచారు.

"ఒరే క్రాంతీ, సిద్ధాంతి గారిని కలుపు."

ఫోన్ తెర మీద ప్రత్యక్షమైనది సాక్షాత్తు అదే సిద్ధాంతి గారు. కొంచెం బక్కచిక్కారు, కళ్ళద్దాలు మందమయ్యాయి, రాజారావును గుర్తుపట్టలేదు.

"పైన ఆ నల్లగా ఏంటి నాయనా?" అన్నారు.

రాజారావు గోడకు ఆనుకున్నాడు. తక్కిన సంభాషణ అక్షరం పొల్లుపోకుండా అతనికి తెలుసు. నీళ్ళ ట్యాంకుల మాట కూడా వచ్చింది. స్థిరం దగ్గరకు వచ్చేసరికి వీరాంజనేయులు గారు కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించారు.

"బేరమాడను రాజారావు గారూ. మీరనుకున్నదే ఇస్తాను. తెనాలి వాళ్ళతో బేరమేంటి? మాటిచ్చేస్తున్నా."

రాజారావు కాఫీలు తెచ్చాడు. అందరికీ ఇచ్చాడు. పక్కన కూర్చున్నాడు. నోరు విప్పలేదు. ఇంకొక్క పావుగంట అలాగే ఉంటే చాలు. ఒక లాయరు నివేదిక రాస్తుంది, ఫోన్ చేస్తుంది, వీళ్ళు కరెంటు ఫ్రీయే కదా అని అడుగుతారు. అంతా సక్రమంగా, చట్టబద్ధంగా జరిగిపోతుంది. అతనికి జరిగినట్టే.

లాస్య పొట్ట మీద చెయ్యేసుకుని మెట్ల వైపు చూస్తోంది. "అంకుల్, పైన లాఫ్ట్‌లో ఓ గది వేయించుకోవచ్చు కదండీ? అత్తయ్య, మావయ్య పురుటికి వచ్చినప్పుడు ఉంటారు. తర్వాత బాబుకి పనికొస్తుంది."

"బాబో పాపో నీకేం తెలుసే" అన్నాడు క్రాంతి.

"ఏదైతే ఏంటి, గది గదేగా. వేసుకోవచ్చు కదా అంకుల్?"

రాజారావు కాఫీ కప్పు కింద పెట్టాడు.

"వేసుకోలేవమ్మా" అన్నాడు.

ఆ తర్వాత తానేం మాట్లాడాడో అతనికి వరసగా గుర్తులేదు. రెండువేల ఎనిమిది చట్టంతో మొదలుపెట్టినట్టు గుర్తు. మిసెస్ పార్ట్రిడ్జ్ సంతకం, పెంకులు, పెంకుల పైనున్న జాగా, గదికి కిటికీ పెట్టాలన్నా కదపకూడని పలకలు, బ్యాంకులు, బకెట్టు, ఎంపీ గారి సంతోషం. కాఫీలు తొరకలు కట్టాయి. ఇన్నాళ్ళూ అంత చదువూ ఎందుకు చదివాడో ఆ గదిలోనే తేలింది. ఇల్లు అమ్మడానికి తప్ప తక్కిన అన్నిటికీ అది పనికొచ్చేలా ఉంది.

వీరాంజనేయులు గారు చివరిదాకా విన్నారు.

"అయితే నేను కొనేది గోడలా?"

"గోడలూ, పెంకులూ అండి. పెంకుల పైది ముప్పై ఆరు దాకా వాళ్ళది."

"ఉచితం అన్నారు?"

"ఉచితమేనండి. ఎండ ఉన్నప్పుడు."

"మాకూ ఇచ్చారు బాబూ, పొలానికి" అన్నారాయన. "ఉచితమే. వాడు ఎప్పుడు వదిలితే అప్పుడు. మోటారు పక్కన మంచం వేసుకుని, వచ్చిందా పోయిందా అని కాపలా కాసేవాళ్ళం. మీరూ కాస్తున్నారా?"

"శనివారాలు" అన్నాడు రాజారావు.

"మరి ఇన్ని తెలిసినవాళ్ళు మీరెలా కొన్నారండీ?"

రాజారావు తొరక కట్టిన కప్పును పక్కకు జరిపాడు. "నైరుతిలో బరువుందని."

బల్ల మీద, క్రాంతి ఆపడం మరిచిపోయిన ఫోన్లోంచి, ఒక దగ్గు వినిపించింది.

"బరువు మంచిదే నాయనా" అన్నారు సిద్ధాంతి గారు. "ఎవరి బరువో నన్ను ఎవరూ అడగలేదు."

వెళ్ళేటప్పుడు వీరాంజనేయులు గారు గుమ్మంలో రాజారావు రెండు చేతులూ పట్టుకున్నారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "నా కొడుకుని కాపాడావు బాబూ. పరాయి దేశంలో ఇలాంటి మనిషిని చూస్తాననుకోలేదు. మా ఊళ్ళో చెప్పుకుంటాం నీ గురించి. నీకు మేలు జరుగుతుంది చూడు, ఊరికే పోదు" అన్నారు. లాస్య వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వద్దమ్మా వద్దమ్మా అని ఆపాడు. కారు మలుపు తిరిగేదాకా ముగ్గురూ చేతులూపుతూనే ఉన్నారు.

రాజారావు గిరిజకు ఫోన్ చేశాడు.

"చెప్పేశారా?"

"ఆ అమ్మాయి గది అడిగింది గిరిజా. పుట్టబోయే పిల్లకి."

"తెలుసు" అంది గిరిజ. "మీరు చెప్పేస్తారని పొద్దున్నే తెలుసు. నేనైనా చెప్పేదాన్నేమో. ఓ గంట నాకు ఫోన్ చెయ్యకండి, ఏడ్చుకుంటాను."

ఇలాంటి ఘట్టం తర్వాత ఏం జరగాలో లోకానికి ఒక అంచనా ఉంది. సత్యం పలికినవాడి మీద పూలు కురవాలి. కొనేవాడు దారిలో కారు ఆపించి, ఇంత నిజాయితీపరుడి ఇల్లు కాక ఇంకెవరిది కొంటానని వెనక్కి రావాలి. కనీసం ఆ పెట్టుబడుల సంస్థలో ఎవరో ఒక పెద్దమనిషి కలలో ఉలిక్కిపడి లేవాలి. రాజారావు చదువుకున్నవాడే అయినా, ఆ సాయంత్రం ఎందుకో వీధి వైపు కిటికీ దగ్గరే కూర్చున్నాడు.

వీరాంజనేయులు గారు ఆ నెలలోనే రెండు వీధుల అవతల ఇల్లు కొన్నారు. గిరిజ న్యూకాసిల్ ఫ్లాటును ఇంకో ఏడాదికి తీసుకుంది.